మేజోళ్ళు అడిగినవాడు

"ఏరా నరేంద్రా, కాళ్ళకు దద్దుర్లు లేచినాయా ఏంది నీకు?"

ఉషారాణి పెళ్ళిరోజు తెల్లదిబ్బపాళెం చర్చి మెట్ల మీద ఆనందకుమారి చెవిన పడిన మాట అది. అన్నవాడు పెళ్ళికొడుకు నరేంద్రబాబు పక్కన నిలబడిన తోడుపెళ్ళికొడుకు. పొడుగ్గా ఉన్నాడు. నీలం సూటు వేసుకున్నాడు. నవ్వితే కళ్ళు చిన్నవైపోతున్నాయి. ఇవన్నీ ఆమె తరువాత గమనించిన సంగతులు. అప్పటికి మాత్రం ఆమెకు కనిపించింది ఆ నోరొక్కటే.

బోగోలు దాటి సముద్రం వైపు వస్తే, సరుగుడు తోపుల వెనక ఉంటుంది తెల్లదిబ్బపాళెం. ఆ ఊళ్ళో ఎంతటివాడైనా మందిరంలోకి చెప్పులతో అడుగు పెట్టడు. సూటు లోపలికి పోతుంది, టై పోతుంది, సెంటు వాసన అందరికంటే ముందే పోతుంది. బూట్లు మాత్రం మెట్ల దగ్గర ఆగిపోతాయి. కాబట్టి పెళ్ళికొడుకనేవాడు మేజోళ్ళతోనే నడిచిపోయి పాస్టరుగారి ముందు నిలబడాలి. ఊరు ఊరంతా అతని ముఖం కంటే ముందు పాదాలు చూస్తుంది. ఎప్పుడో మిషను బడిలో దొరసానమ్మ ఆడపిల్లలకు అల్లిక నేర్పిన కాలం నుంచి, ఆ మేజోళ్ళను పెళ్ళికూతురే తన చేత్తో అల్లి ఇవ్వడం అక్కడి మర్యాద.

ఉషారాణి ఆనందకుమారికి పెదనాన్న కూతురు. ఆ పిల్లకు గుండీ కుట్టుకోవడం కూడా చేతకాదు. అలాంటిదాన్ని పక్కన కూర్చోబెట్టుకొని, అల్లించి, విప్పించి, ఏడిపించి, మళ్ళీ అల్లించి ఆ జత పూర్తి చేయించింది ఆనందకుమారి. నూలు వాళ్ళ అవ్వ రెబెక్కమ్మ రాట్నం మీద వడికింది. అలాంటి మేజోళ్ళను పట్టుకొని దద్దుర్లంటాడా?

"అవి దద్దుర్లు కాదండీ, నూలు" అంది ఆనందకుమారి మెట్టు దిగి.

అతను ఉలిక్కిపడి చూశాడు. "నూలా? ఉన్ని అనుకున్నానే!"

"మన నెల్లూరు గొర్రెకు ఉన్ని యాడుందండీ, ఉండేది వెంట్రుకలు. అయినా ఈ ఉక్కకు ఉన్ని తొడుక్కుంటే పెళ్ళికొడుకు ప్రమాణం చెప్పకముందే పడిపోతాడు."

"అది కాదండీ. మాది నాయుడుపేటలో చెప్పుల షాపు. వీడి కోసమని కొత్త ప్యాకెట్ తెచ్చినాను. కంపెనీ సాక్స్. నున్నగా పట్టులాగా ఉంటాయి. వాటిని పక్కన పడేసి ఇవి తొడుక్కున్నాడు."

"మీరు వేసుకున్నవి కూడా మీ షాపువేనా?"

"ఆహా! ఫస్ట్ క్వాలిటీ" అన్నాడతను గర్వంగా.

"అయితే ఒకసారి కిందికి చూడండి."

అతను చూశాడు. అప్పుడే బూట్లు విప్పిన కుడికాలి సాక్స్‌లోంచి బొటనవేలు తల బయటపెట్టి లోకాన్ని చూస్తోంది.

"పెళ్ళి చూసేదానికి మీకంటే ముందు మీ వేలే వచ్చేసిందండీ" అంది ఆనందకుమారి.

వరండాలో కూర్చున్న స్త్రీల సమాజం వాళ్ళు గొల్లున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ తప్పించుకోలేదు, తనూ నవ్వాడు. అదొక్కటి ఆమెకు నచ్చింది. అక్కడితో ఊరుకొని ఉంటే ఈ కథ లేదు. వేలిని లోపలికి ముడుచుకుంటూ అన్నాడు కదా:

"సరే, ఓడిపోయినాను. నాకూ ఒక జత అల్లిపెట్టండి మరి!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. అంతవరకూ వినబడని సముద్రం హోరు వినబడింది.

ఊరికంతటికీ పెద్దనోరు పిచ్చమ్మ. ఆమె వెనక వరుసలోంచి మెడ చాపింది. "ఏమన్నావబ్బాయ్? సరిగ్గా ఇనబడలా. మళ్ళా ఒకతూరి అను."

వినబడలేదేమోనని అతను గొంతు పెంచాడు. "నాకూ ఒక జత మేజోళ్ళు అల్లిపెట్టమంటుండానమ్మా!"

ఈసారి నవ్వులకు చర్చి మీది పావురాళ్ళు లేచిపోయాయి. రెబెక్కమ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించి, కళ్ళు చికిలించి అడిగింది. "ఎవురబ్బాయివి నాయనా? పేరేంది?"

"విజయభాస్కరండీ. నాయుడుపేట జడ్సన్ గారి కొడుకుని" అన్నాడతను, తనకెందుకింత గౌరవం దక్కుతోందో అర్థంకాక.

ఆనందకుమారి అప్పటికే లోపలికి పారిపోయింది.

తెల్లదిబ్బపాళెంలో ఒక మగవాడు ఒక ఆడపిల్లను మేజోళ్ళు అల్లిపెట్టమని అడిగితే దానికి ఒకటే అర్థం. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని. ఆ మాట అడగడానికి మూతి మీద మీసం వచ్చిన మగవాళ్ళు కూడా సరుగుడు తోపులో తిరిగి తిరిగి, నాలిక తడారిపోయి, చివరకు చెల్లెళ్ళ చేత చెప్పించుకునేవాళ్ళు. ఇతను ఊరందరి ముందు, అదీ రెండుసార్లు, అరిచి మరీ అడిగాడు.

*

విందులో పలావు మొదటి ముద్ద నోట్లో ఉండగా నరేంద్రబాబు అతనికి ఆ సంగతి చెప్పాడు. పొరబోయింది. నీళ్ళు తాగి, ముఖం తుడుచుకొని, పాపం అతను ఆనందకుమారిని వెతుక్కుంటూ చర్చి వెనక వంటపందిరి దాకా వచ్చాడు. అదే సమయానికి, ఉదయం నుంచీ బిగబట్టుకొని ఉన్న అల్పపీడనం వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. ఇద్దరూ ఒకే రేకు కింద ఇరుక్కుపోయారు.

"ఏమండీ, నిజంగా నాకు తెలీదండీ."

"తెలిసినట్టు లేదని అందరికీ తెలుసు లెండి. మర్చిపోండి."

"దద్దుర్లు అన్నందుకు కూడా సారీ."

ఆమె ఒక అడుగు లోపలికి జరిగింది. రేకు అంచు నుంచి నీళ్ళు తెరలా జారుతున్నాయి.

"మా అవ్వ వడికేటప్పుడు దగ్గొచ్చిందనుకోండి, చెయ్యి ఆగుద్ది. దారంలో ఒక ఉబ్బు పడుద్ది. నవ్వొచ్చిందనుకోండి, ఇంకొకటి. మీరు దద్దుర్లన్నవి అవే. మా అవ్వ దగ్గులూ, నవ్వులూ."

విజయభాస్కర్ తల వంచి తన బూట్ల వైపు చూసుకున్నాడు. "మా షాపులో ఏ జతలోనూ ఎవరూ నవ్వలేదండీ" అన్నాడు మెల్లగా.

ఆ మాట ఆమె లోపల ఎక్కడో వెళ్ళి కూర్చుంది. అది తెలియకుండా ఉండాలని గుంజకు తగిలించి ఉన్న తన గొడుగు తీసి అతనికిచ్చేసి, "బస్సు పోతుంది, బిన్నా పోండి" అని కసిరింది.

*

ఆనందకుమారి ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. కావలిలో బీఎస్సీ చేసి, ఊరికి దగ్గర్లోని రొయ్యపిల్లల హేచరీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తోంది. వాళ్ళింటి ముందుగదిలో పట్టా అందుకుంటున్న ఫోటో ఉంటుంది. దాని పక్కనే మేకుకు ఆమె చిన్నప్పుడు అల్లిన మొదటి మేజోడు వేలాడుతుంటుంది. వచ్చినవాళ్ళకు నాన్న ఫోటో చూపిస్తాడు, అవ్వ మేజోడు చూపిస్తుంది. ఆమెకు రెండూ గొప్పే.

పోయిన వేసవిలో రెబెక్కమ్మకు కుడిచేతికి పక్షవాతం వచ్చి, కొంత తగ్గింది. అన్నం కలుపుకోగలదు, బైబిలు పేజీ తిప్పుకోగలదు. కానీ దూదిని ఏకుగా చుట్టి, దాన్ని వేళ్ళ మధ్య పట్టి సన్నటి పోగు లాగే నేర్పు ఆ చేతిలోంచి పోయింది. అంతకు ముందు వడికిన నూలులో ఉషారాణికి పోగా ఒకే ఒక్క చుట్ట, ఒక చిలప, మిగిలింది. దాన్ని తెల్లగుడ్డలో చుట్టి మనవరాలి చేతిలో పెట్టి చెప్పింది ముసలామె:

"ఇది నీ పెళ్ళికొడుకుది మే. ఒక్క జతకే వస్తాది. ఎవురికి అల్లేదీ బాగా తెలుసుకొని అల్లు. పోతే మళ్ళా వడికే చెయ్యి లేదు."

తరువాత రెండు సంబంధాలు వచ్చాయి. ఒకతను "ఈ కాలంలో కూడా ఇవేంటండీ" అని మేకు మీది మేజోడును చూసి నవ్వాడు. ఇంకొకతను అసలు దాన్ని చూడనే లేదు. తెల్లగుడ్డ ముడి విప్పలేదు ఆనందకుమారి.

తరువాతి ఆదివారం విజయభాస్కర్ గొడుగు ఇచ్చిపోవడానికి వచ్చాడు. నాయుడుపేటలో ప్యాసింజరెక్కి, బిట్రగుంటలో దిగి, షేర్ ఆటోలో వేలాడి వచ్చాడు. ఆరాధన అయ్యాక రెబెక్కమ్మ ఇంటికి పిలిచి చేపల పులుసు పెట్టింది. తిన్నాడు, కబుర్లు చెప్పాడు, వెళ్ళేటప్పుడు గొడుగు మళ్ళీ తీసుకుపోయాడు.

"అవ్వా, గొడుగు ఇచ్చేదానికి వచ్చినోడు గొడుగు తీసకపోయినాడేందే?"

"వాన వస్తాదేమోనని."

"మబ్బు లేదు గదా!"

"నీకు చదువు ఎక్కువై కళ్ళు కనబడటంలా" అంది అవ్వ.

ఆ పై ఆదివారాలూ అంతే. ఆ గొడుగు బిట్రగుంట ప్యాసింజర్‌లో తిరిగినంతగా టికెట్ కలెక్టరు కూడా తిరిగి ఉండడు. మధ్యలో వాట్సాప్‌లో మాటలు మొదలయ్యాయి. అతను షాపుకు వచ్చినవాళ్ళ సంగతులు రాసేవాడు, ఆమె మైక్రోస్కోపు కింద రొయ్యపిల్ల ఫోటోలు పంపేది. "ఇది ఎవరు? నా లాగే ఉంది" అని రాసేవాడు. "కాదు, దీని మీసాలు బాగున్నాయి" అని ఈమె.

ఒక ఆదివారం నిజంగానే వాన కురిసింది. తడిసిన కాళ్ళతో అతను అరుగు దాటి లోపలికి వెళ్ళాడు. ఎర్ర గచ్చు మీద పాదం ముద్ర పడింది. ఆనందకుమారి అటూ ఇటూ చూసి, ఆరిపోకముందే ఒక దారప్పోగుతో మడమ నుంచి వేలి దాకా కొలిచి ముడి వేసుకుంది.

వెనక నుంచి అవ్వ గొంతు. "పొడుగు కాలు. ఆ కాలికి ఆ చిలప చాలదు మే."

ఆనందకుమారి అదిరిపడింది. "నేను ఊరికే..."

"ఊరికే కొలిస్తే ముడి ఎందుకేసుకున్నావు?"

ఆ వారమే తెల్లగుడ్డ ముడి విడింది. అరుగు అంచున అరగదీసి నున్నగా చేసిన సైకిల్ చువ్వలే వాళ్ళ అల్లిక సూదులు. మూడు పోగులు కలిపి పేనిన ఆ నూలును చువ్వల మీదికి ఎక్కించింది. చాలదని తెలుసు. పొదుపుగా అల్లితే చాలకపోతుందా అని ఆశ. చీలమండ పట్టు అయింది, మడమ తిరిగింది, అరికాలు సాగింది, వేళ్ళు మూసుకున్నాయి. మొదటిది పూర్తయి, రెండోది మొదలైంది. ల్యాబ్‌కు పోయే సంచిలో, టిఫిన్ డబ్బా కింద దాచి తీసుకుపోయేది.

*

ఊరు ఊరుకుంటుందా? మందిరం మెట్ల మీద పిచ్చమ్మ రోజుకొక పాట కట్టేది. "ఏం ఆనందా, మేజోళ్ళు యాడిదాకా వచ్చినాయి? మడమ తిరిగిందా? మా నాయుడుపేట అల్లుడు ఇంకా రాలా?"

ఒక ఆదివారం కూడా అలాగే అంటుంటే, అప్పుడే ఆటో దిగిన విజయభాస్కర్ విన్నాడు. ఆనందకుమారి ముఖం తిప్పుకొని, సంచి గుండెకు హత్తుకొని, విసవిసా లోపలికి వెళ్ళిపోవడం చూశాడు. అతను ఒక మాట అంటే ఆ మాటకు తనే జవాబుదారీ అనుకునే రకం. తన మూలంగా ఒక ఆడపిల్ల ఊళ్ళో తలెత్తుకోలేకపోతోందని అతనికి తోచింది.

ఆరాధన చివర ప్రకటనలప్పుడు, "పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు లేచి రెండు మాటలు చెప్పండి" అన్నారు పాస్టరుగారు.

విజయభాస్కర్ లేచాడు. "అందరికీ వందనాలు. పెళ్ళిరోజు ఇక్కడ నేనొక మాట అన్నాను. మీ ఊరి మర్యాద తెలీక అన్నాను. ఆ మాట పొరపాటున వచ్చింది. ఆనందకుమారి గారికి దాంతో ఏ సంబంధమూ లేదు. ఎవరూ ఆమెను ఏమీ అనబాకండి. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటుండాను."

చెప్పి, ఒక బరువు దించినవాడిలా కూర్చున్నాడు.

ఆనందకుమారి ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చొని ఉంది. ఒళ్ళో సంచి. సంచిలో రెండో మేజోడు. ఆమె తల దించలేదు. చివరి ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు కూడా ఆమె తెరిచే ఉంచింది, మూస్తే నీళ్ళు జారతాయని.

ఇంటికొచ్చి మేజోడు బయటకు తీసింది. అరికాలు అయిపోయింది. వేళ్ళు మూయవలసిన చోట నూలు కూడా అయిపోయింది. చువ్వల నుంచి వేలాడుతున్న కొస జానెడు. అవ్వ చెప్పినట్టే అయింది. నూలూ చాలలేదు, మనిషీ చాలలేదు.

విప్పేద్దామని చువ్వ లాగబోతే రెబెక్కమ్మ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది.

"విప్పబాకు. విప్పితే పీచైపోతాది."

"ఉంచి ఏం చేసేదవ్వా? వేళ్ళు లేని మేజోడు ఎవరికి?"

"నువ్వు సిగ్గుపడే పని ఏందన్నా చేసినావా?"

"లేదు."

"మరి దాచేదెందుకు? చేసిన పని ఎత్తి చూపించు. తీసుకుంటాడా, పోతాడా, అది ఆ పిల్లోడి ఇష్టం."

*

సాయంత్రం అతను వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి గొడుగు చాచాడు. "ఇది మీకు ఇచ్చేసి పోదామని. ఇక నేను రాకపోవడమే మీకు..."

ఆనందకుమారి గొడుగు అందుకుంది. గోడకు ఆనించింది. లోపలికి వెళ్ళి, వచ్చి, అతని చేతిలో ఒక మేజోడు పెట్టింది.

"తొడుక్కొని చూడండి."

అతను తెల్లబోయి చూశాడు. అరుగు మీద కూర్చుని తొడుక్కున్నాడు. అచ్చు పోసినట్టు సరిపోయింది. పైన నొక్కే ఎలాస్టిక్ లేదు, కింద ఒరిసే కుట్టు లేదు. అక్కడక్కడా రెబెక్కమ్మ నవ్వులు మాత్రం తగులుతున్నాయి.

"నా కొలత మీకెట్టా తెలుసు?"

"మీ పాదాలే చెప్పినాయి."

"ఆనందకుమారి గారూ..." అతను మేజోడు మడమ తడిమి చూసుకున్నాడు. "మరి ఉదయం నేను మాట వెనక్కి తీసుకున్నానే! పిచ్చమ్మగారు అంటుంటే మీరు ముఖం తిప్పుకొని పోయినారు గదండీ, మీకు కష్టంగా ఉందనుకున్నా."

"సంచిలో మీ మేజోడు పెట్టుకొని ముఖం తిప్పకుండా ఎట్టా ఉండేదండీ?"

అతను నుదురు కొట్టుకున్నాడు.

"మీరు మాట వెనక్కి తీసుకున్నారు. అది మీ ఇష్టం" అంది ఆమె నిదానంగా. "నేను మాత్రం అల్లింది విప్పను. ఇది నేను ఏరికోరి అల్లిన పని. దీన్ని చూసి నేను సిగ్గుపడను. అది చెబుదామనే చూపించినా."

అతను పాదాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. తరువాత తలెత్తి, "మేజోడు అంటేనే జోడు కదండీ. రెండోదేది?" అన్నాడు.

ఆమె చువ్వలతో సహా రెండోది చూపించింది. "నూలు చాలలేదు. అవ్వ వడికింది ఇంతే. మీ కాళ్ళు పెద్దవి."

"ఎంత తక్కువ?"

"వేళ్ళ మేర."

విజయభాస్కర్ లేచాడు. ఒక కాలికి మేజోడు, ఒక కాలు ఉత్తది. అలాగే కుంటినడక నడుచుకుంటూ పోయి రెబెక్కమ్మ మంచం ముందు నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నాకు వడకడం నేర్పించు."

ముసలామె అతన్ని కిందికీ పైకీ చూసింది. "నా చెయ్యి పనిచెయ్యదు నాయనా."

"నోరు పనిచేస్తాది గదా."

"ఓరి నీ..." అని నవ్వింది రెబెక్కమ్మ. "మే ఆనందా, అటక మీద రాట్నం దించు!"

*

ఒక మనిషి నూలు వడకడం నేర్చుకోవడమంటే, చుట్టుపక్కల వాళ్ళకు ఓర్పు నేర్పడమే. అతను చక్రం తిప్పితే చెయ్యి ఆగేది, చెయ్యి లాగితే చక్రం ఆగేది. రెండూ కలిస్తే దారం తెగేది. తెల్లారి షాపులో కూర్చొని కూడా ఖాళీగా ఉన్న వేళ్ళతో గాలిలో ఏకు లాగేవాడట. కొనేవాళ్ళు ఒకరినొకరు చూసుకునేవాళ్ళట.

"నాయనా, అది పోగు కాదు, పగ్గం. బోటు కట్టేయొచ్చు" అనేది అవ్వ.

"ఈసారి సన్నగా వచ్చింది చూడు అవ్వా!"

"వచ్చింది, తెగింది కూడా."

ఆనందకుమారి పక్కన కూర్చొని దూదిని ఏకులుగా చుట్టి ఇచ్చేది. ఇస్తున్నప్పుడు వేళ్ళు తగిలితే, ఆ పోగు తప్పకుండా ఉబ్బేది. అవ్వ కళ్ళు మూసుకునే, "మళ్ళా ఉబ్బింది" అనేది.

"కళ్ళు మూసుకున్నావు గదా అవ్వా, ఎట్టా తెలుసు?"

"చక్రం పాట ఆగింది. ఏకై వచ్చినాడు, మేకై కూర్చున్నాడు మా ఇంట్లో!"

నాలుగు మూరల నూలు వంకరటింకరగా చేరేసరికి, నాయుడుపేటలో జడ్సన్ గారికి అనుమానం వచ్చింది. ఆదివారమైతే కొడుకు కనిపించడు, వచ్చినప్పుడు చొక్కా నిండా దూది. ఒకరోజు చెప్పకుండా తనూ ప్యాసింజరెక్కి వచ్చేశాడు. గుమ్మంలోంచి చూస్తే, బీకాం చదివించిన కొడుకు రాట్నం ముందు కాళ్ళు ముడుచుకొని, నాలిక బయటపెట్టి దారం లాగుతున్నాడు.

"ఏందిరా ఇది?"

"నాన్నా! అదీ... వేళ్ళు... నూలు..."

ఆనందకుమారి లేచి వందనాలు చెప్పింది. తడబడలేదు. పూర్తయిన మేజోడు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఇందుకండీ" అంది.

జడ్సన్ గారు జీవితమంతా పాదాలకు మోకరిల్లిన వ్యాపారి. వచ్చిన ప్రతి మనిషి కాలూ పట్టుకొని చూసినవాడు. కళ్ళజోడు సవరించుకొని మేజోడు లోపలికి చెయ్యి పెట్టాడు. మడమ తిరిగిన చోట వేలితో తడిమాడు. వేళ్ళ దగ్గరికి పోయి ఆగాడు. తిరగేసి చూశాడు.

"కుట్టు ఏదమ్మా ఇక్కడ?"

"కుట్టు ఉండదండీ. రెండు వైపుల వరసలూ కలిపి అల్లేస్తాం."

"కుట్టే లేదా!" ఆయన కొడుకు వైపు తిరిగాడు. "ఒరే, నేను సుగరు మనిషిని. కంపెనీ సాక్స్ కుట్టు నాకు వేళ్ళ మీద పుండు చేస్తాది. పైన ఎలాస్టిక్ పిక్కల్ని కోస్తాది. ఇన్నేళ్ళు అమ్మినా గానీ ఇట్టాంటిది నా చేతికి రాలా." మేజోడును చెంపకు ఆనించుకొని చూసి, ఎంతో ముచ్చటగా అన్నాడు: "అమ్మాయ్, నాకూ ఒక జత అల్లి..."

"నాన్నా!" విజయభాస్కర్ రాట్నం దూకి వచ్చి తండ్రి నోరు మూశాడు. "ఆ మాట అనబాక నాన్నా, ఈ ఊళ్ళో ఆ మాట అనబాక!"

రెబెక్కమ్మ మంచం పట్టె పట్టుకొని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. సంగతి తెలిశాక ఆయన కూడా నవ్వి నవ్వి దగ్గాడు. తరువాత తేరుకొని, రెబెక్కమ్మకు చేతులు జోడించి, "అమ్మా, నాకు కోడలైతే అల్లిపెడతాది గదా! మీ పిల్లను మా ఇంటికి ఇవ్వండి" అన్నాడు.

"మీ కాళ్ళకు తప్పకుండా అల్లుతాది అయ్యా" అంది అవ్వ. "కానీ పిల్లను ఇచ్చేదానికి నేనెవురు, వాళ్ళ నాయనెవురు? అడగాల్సిన మాట అబ్బాయి అడగాల. ఎవురి ముందర వెనక్కి తీసుకున్నాడో వాళ్ళ ముందర."

*

తరువాతి ఆదివారం ఆరాధన విడిచాక, మెట్ల మీద స్త్రీల సమాజం అంతా ఉండగా విజయభాస్కర్ వచ్చి నిలబడ్డాడు. పెళ్ళిరోజున ఎంత ధైర్యంగా అరిచాడో, ఈసారి అంతగా నాలిక పిడచగట్టుకుపోయింది. తెలిసి అడగడం ఎంత కష్టమో సరుగుడు తోపులో తిరిగిన మగవాళ్ళకే తెలుసు.

"ఆనందకుమారి గారూ... నాకు ఒక జత మేజోళ్ళు అల్లిపెడతారా?"

పిచ్చమ్మ అందుకుంది. "ఏం నాయనా, తెలిసి అంటుండావా, తెలీక అంటుండావా?"

"తెలిసే అంటుండానమ్మా. ఈసారి వెనక్కి తీసుకునేది లేదు."

అందరి కళ్ళూ ఆనందకుమారి మీదికి తిరిగాయి. ఆమె ముఖం తిప్పుకోలేదు. సంచిలోంచి చువ్వలతో సహా మేజోడు తీసి అందరికీ కనిపించేలా పట్టుకుంది.

"నా వంతు అయిపోయింది. వేళ్ళ మేర మీ నూలు తేండి" అంది.

జేబులోంచి కాగితంలో చుట్టిన చిన్న ఉండ తీసి అతను ఆమె చేతిలో పెట్టాడు. పిచ్చమ్మ దాన్ని ముట్టుకొని చూసి, "ఇది నూలా, నులకా?" అంది. అని, అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టింది.

*

పెళ్ళిరోజు చర్చి మెట్ల దగ్గర నల్ల బూట్లు ఆగిపోయాయి. తెల్లటి మేజోళ్ళతో విజయభాస్కర్ లోపలికి నడిచాడు. ఊరు ఊరంతా పాదాలు చూసింది. కుడికాలు రెబెక్కమ్మ నూలుతో పాలమీగడలా ఉంది. ఎడమకాలు కూడా అంతే, వేళ్ళ దాకా. అక్కడి నుంచి మాత్రం గుట్టలూ మిట్టలూ.

మొదటి వరుసలో జడ్సన్ గారి పక్కన కూర్చున్న రెబెక్కమ్మ, చేతికర్రతో ఆ కాలి వైపు చూపించి, తెలియనివాళ్ళకు కూడా వినబడేలా చెబుతోంది. "అది నేను నేర్పింది."

ప్రమాణాలు అయ్యాక ఫోటోగ్రాఫర్ కెమెరా దించి, వంగి చూశాడు.

"సార్, ఎడమకాలి వేళ్ళ దగ్గర ఏదో అంటుకున్నట్టుంది. పర్లేదు, ఆల్బంలో ఎడిట్ చేసి నున్నగా చేసేస్తా."

"చెయ్యబాకండి!" అన్నాడు విజయభాస్కర్. మందిరమంతా మారుమోగింది. పాస్టరుగారు కూడా తిరిగి చూశారు. "అది నేను వడికింది. కావాలంటే ఇంకా దగ్గరికొచ్చి తియ్యండి."

ఫోటోగ్రాఫర్ బిత్తరపోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆనందకుమారి చేతిలోని పూలగుత్తి అంచు నుంచి ఆ పాదం వైపు చూసింది. తన చేతులతో అల్లింది కాబట్టి ఆమెకు ఆ వేళ్ళ మేర అక్షరం అక్షరం చదవడం వచ్చు. ఇక్కడ దారం తెగి ముడి పడింది. ఇక్కడ అవ్వ పగ్గం అంది. ఇదిగో, బొటనవేలి మీది ఈ పెద్ద ఉబ్బు దగ్గర...

"ఇక్కడేమైందో గుర్తుందా?" అని అతను ఆమె చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"గుర్తుంది" అంది ఆనందకుమారి, కెమెరా వైపు తలెత్తి. "ఏకు ఇస్తుంటే నా చెయ్యి తగిలింది."